కుక్కను విడువని నడక



ముప్పదియైదేండ్లు పల్లెబడులలో పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను నేను. మాది నెల్లూరు మండలమునందలి సంగము. బీరాపేరు పెన్నలో గలియుచోట నుండుటచేత మా యూరికా పేరు వచ్చినది. సంగమేశ్వరస్వామి కోవెల మెట్లమీద గూర్చుండి భారతము చదువుకొనవలసిన వయస్సున, ఈతడు కుక్కను గూర్చి మాటలాడ వచ్చినాడేమని మీలో పెద్దలు కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుకొన్నను సరియే, కొంచెము సేపు చెవియొగ్గి వినుడని ప్రార్థించుచున్నాను. నేను చెప్పబోవునది వట్టి వినోదము కాదు. నా వలన జరిగిన యొక తప్పిదము, దాని వలన ముదిమియందు నేను నేర్చిన యొక పాఠము.

కుక్కను వెంటబెట్టుకొని కొండలకును సముద్రతీరములకును నడచిపోవుట యిప్పుడు పట్టణవాసులకు వేడుకయైనది. పల్లెవారికిది క్రొత్త కాదు. మా ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో వెంట కుక్క లేని గొఱ్ఱెలకాపరి యరుదు. తెల్లని పల్ల గొఱ్ఱెలు, మొగమున నల్లమచ్చలుగల జోడిపి గొఱ్ఱెలు కొండవాలున మేయుచుండగా, కాపరి చెట్టునీడను గంజి త్రాగుచుండును. కుక్క యొక గట్టుపై గూర్చుండి నలుదిక్కులు పరికించుచుండును. ఆ కుక్కకు త్రాడు లేదు; కాని దానికొక పని గలదు. పనిలేని కుక్కను త్రాడు విప్పి క్రొత్తచోట వదలినప్పుడేమగునో చెప్పుటకే నేనిప్పుడు వచ్చితిని.

మన భారతము కుక్కతో మొదలై కుక్కతో ముగియుచున్నదని నేను తరగతిలో పిల్లలకు చెప్పుచుండువాడను. ఆదిపర్వారంభమున జనమేజయుడు యాగము చేయుచుండగా, దేవతల కుక్కయైన సరమ కొడుకక్కడికి వచ్చెను. జనమేజయుని తమ్ములు వానిని కొట్టిరి. వాడేడ్చుచు పోయి తల్లితో చెప్పుకొనగా, సరమ వచ్చి, నా కొడుకేమి తప్పు చేసినాడు, ఏల కొట్టితిరి యని యడిగెను. వారియొద్ద నుత్తరము లేదు. తప్పు చేయనివానిని కొట్టినందులకు మీకు తలవని తలంపుగా భయము గలుగునని శపించి యామె వెడలిపోయెను. ఇది నన్నయభట్టు చెప్పిన మొదటి కథలలో నొకటి.

ఇక కడపట నున్నది మహాప్రస్థానికపర్వము. విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు తెనిగించిన తిక్కనసోమయాజి మా నెల్లూరి కవి. పదుమూడవ శతాబ్దమున మనుమసిద్ధి రాజునొద్ద నుండినవాడు. కావున ఆ పర్వము మా పెన్నయొడ్డు తెలుగే యని మేము కొంచెము గర్వింతుము. పాండవులైదుగురును, ద్రౌపదియు నుత్తరదిశగా నడచిపోవుచుండగా, ఏడవదిగా నొక కుక్క వారి వెంటబడెను. ద్రౌపది పడిపోయెను. సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా పడిపోయిరి. ధర్మరాజును కుక్కయు మిగిలిరి. ఇంద్రుడు రథము తెచ్చి యెక్కుమనగా, కుక్కనుగూడ నెక్కించినగాని రానని ధర్మరాజు నిలిచెను. స్వర్గమున కుక్కలకు చోటు లేదనినను, నన్ను నమ్మి వచ్చినదానిని విడువనని యాతడు పలికెను. ఆ కుక్క ధర్మదేవత యని పిదప తేలినది. ఈ కథను నేను కనీసము ముప్పదిమార్లు పిల్లలకు చెప్పియుందును. చెప్పుట వేఱు, తెలియుట వేఱు.

నేను పని విరమించిన యేడు వానకాలమున నొక నల్లని ఊరకుక్కపిల్ల మా యరుగుక్రిందికి వచ్చి చేరినది. తఱిమినను పోదయ్యెను. సరమ సంతతి గదా యని నేను దానికి సారమేయుడని పేరుపెట్టితిని. మా యింటియావిడకు ఆ పేరు నోరు తిరుగలేదు. ఆమె సారయ్య యని పిలిచెను. ఊరంతయు సారయ్య యనియే పిలిచినది. నాకు తెల్లవారుజామున నడచు నలవాటు గలదు. 2022వ సంవత్సరము సెప్టెంబరులో మా యూర పెన్నపై క్రొత్త బ్యారేజి తెఱవబడినది. దాని ప్రక్కగా నేటి యిసుకలో మేమిరువురము దినమునకొక క్రోసు నడచువారము. సారయ్య ముందు పరుగెత్తును. కొంతదూరము పోయి వెనుకకు తిరిగి చూచి, నేను వచ్చువఱకు నిలుచును. ఒంటరిగా నడచు ముసలివానికి అట్లు వేచియుండు ప్రాణి యొకటి యున్నచో, కాళ్ళలో నెంత సత్తువ వచ్చునో మీలో కొందఱకైన తెలిసియుండును.

ఒక మార్గశిరమున దానిని వెంటబెట్టుకొని ఉదయగిరి దుర్గ మెక్కితిని. ఆ కొండ మూడువేల యడుగులకు పైబడిన యెత్తు. శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి 1514వ సంవత్సరమున సాధించిన దుర్గమది. అక్కడినుండి రాయలు గొనిపోయిన బాలకృష్ణుని విగ్రహమునకే హంపిలో కృష్ణాలయము కట్టబడెను. ఈ కథలన్నియు తలచుకొనుచు, ప్రతి శిథిలమునొద్దను నిలుచుచు, నేను ప్రొద్దెక్కువఱకు జాగు చేసితిని. దిగునప్పటికి బండలు కాలుచున్నవి. నా కాళ్ళకు చెప్పులున్నవి, సారయ్యకు లేవు. అది నాలుగడుగులు వేసి నీడకు పోయి పడుకొనును. నాలుక వ్రేలవేసి రొప్పును. నా సీసాలో గుక్కెడు నీరు మిగిలియున్నది. దోసిట పోసి దానికి త్రాపి, తక్కిన దారి భుజముపై మోసికొని దిగితిని.

తరువాత పశువైద్యుడొకరు నాకు వివరించిరి. మనకువలె కుక్కకు ఒడలంతయు చెమట పట్టదు. అరికాళ్ళలో మాత్రము కొంచెము పట్టును. నోరు తెఱచి రొప్పి, ఆ శ్వాసచేతనే యది తన వేడిమిని పోగొట్టుకొనును. గాలియే వేడియైనప్పుడు ఆ యుపాయమును పనిచేయదు. వడదెబ్బ తగిలినచో మనుష్యునికంటె త్వరగా ప్రాణము మీదికి వచ్చును. కావున నడువబోవు నేలపై మీ యఱచేతి వెనుకవైపు నానించి పది లెక్కపెట్టుడు. మీరు పదివఱకు ఓర్వలేనిచో, ఆ నేల కుక్కపాదమునకును తగదు. ఇది నా మొదటి తప్పు. దీనిని సారయ్య క్షమించినది. రెండవ తప్పునకు క్షమింపవలసినవారు వేఱు.

మా యూరిమీదుగా పాఱు పెన్న నెల్లూరు దాటి సముద్రమున కలియును. చిన్ననాటినుండి నీటిని చూచుచున్న యేఱు ఎక్కడికి పోవుచున్నదో కుక్కతోగూడ చూడవలెనని నాకొక పిచ్చికోరిక. నా పూర్వశిష్యుడొకడు ఉప్పుచేపల బేరమునకై మైపాడు ప్రాంతమునకు తన చిన్నబండిలో పోవుచుండును. ఒక మాఘమాసమున వాడు మమ్మిరువురను బండిలో నెక్కించుకొని, చీకటి యుండగనే తీరమున దించి తన పనికి పోయెను.

తూర్పు తెల్లబడుచుండెను. కనుచూపుమేర యిసుక, ఒకవైపు సముద్రము, ఒకవైపు సరుగుడుతోపు. నరుడు లేడు. త్రాడు నా చేతిలో నున్నది. ఇంతచోట ఈ ప్రాణిని కట్టియుంచుట యేల యనుకొని, మెడనుండి త్రాడు విప్పితిని. సారయ్య యలల యంచున వెఱ్ఱిసంతోషముతో పరుగులెత్తెను. నేను నిలిచి సూర్యోదయమును చూచుచుంటిని. కొంతసేపటికి వెనుదిరిగి చూడగా, అది తోపు దగ్గఱ మెట్టయిసుకలో ముందుకాళ్ళతో త్రవ్వుచున్నది. ఎండ్రకాయను పట్టబోవుచున్నది కాబోలునని నేను నవ్వుకొంటిని. పిలిచితిని, రాలేదు. మరల పిలిచితిని, తల యెత్తలేదు. దగ్గఱకు పోయి చూడగా, గుంటలో తెల్లని గుండ్రని గుడ్లు. కొన్ని పగిలి, పచ్చసొన యిసుకలో నింకుచున్నది. సారయ్య మూతి పచ్చనై యున్నది.

అవి సముద్రపు తాబేటి గుడ్లు. ఆలివ్ రిడ్లీ యను జాతి తాబేలు పుష్యమాఘఫాల్గుణములలో రాత్రివేళ మన తూర్పుతీరమునకు వచ్చి, మూరెడు లోతున గుంట త్రవ్వి, నూఱింటికి అటునిటుగా గుడ్లు పెట్టి, యిసుకతో పూడ్చి, తెల్లవాఱకముందే సముద్రమునకు పోవును. పొదుగుటకు తల్లి మరలి రాదు; ఇసుకవేడికే నలుబదియైదు మొదలు అఱువది దినములలో పిల్లలు బయటికి వచ్చును. వేయింటిలో నొక్కటి పెద్దదై బ్రదుకుట కష్టమందురు. తీరములయందు కుక్కలు, నక్కలు ఈ గుంటలను వాసన పట్టి త్రవ్వుటయే ఆ జాతికి గల పెద్ద యాపదలలో నొకటి. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణచట్టమున ఈ తాబేటికి పులికి గల రక్షణయే గలదు. ఇవన్నియు నాకు తరువాత తెలిసినవి. ఆ క్షణమున నాకు తెలిసినది, పగిలినవి గుడ్లనియు, పగులగొట్టినది నా కుక్కయనియు మాత్రమే.

అంతలో పట్టపుపాళెపు ముసలామె యొకతె గంప చంకను బెట్టుకొని పరుగున వచ్చి, గుంట చూచి చతికిలబడినది.

"ఏంది సామీ, కుక్కని ఇడిచిపెడితివా? రేత్రే గదా తల్లి వచ్చి పెట్టిపోయింది. మావాళ్ళు ఇప్పుడొచ్చి ఎత్తుకపోయేవాళ్ళు. ఇంకొక్క గడి ఆగలేకపోతివా!"

అటవీశాఖవారు తీరపు పల్లెలలోని వారిని కావలి పెట్టి, ఇట్టి గుడ్లను జాగ్రత్తగా తీయించి, కంచె వేసిన యిసుకలో మరల పూడ్పించి, పిల్లలు పుట్టినపిదప సముద్రమున విడిపింతురట. ఆమె కుమారుడా పని చేయువాడు. కూర్మావతారపు జీవి యని వారు వలలో బడిన తాబేటిని గూడ మ్రొక్కి విడుతురట. ఆమె గుంటలో చేయి పెట్టి మిగిలినవానిని లెక్కించెను. ముప్పదికి పైగా పోయినవి.

నాకు సిగ్గు కలిగినది. సిగ్గు కలిగినప్పుడు మనుష్యుడు దానిని కోపముగా మార్చుకొనుట సులభము. చేతిలోనున్న త్రాటితో సారయ్యను కొట్టితిని. రెండుమార్లు కాదు, పదిమార్లు కొట్టితిని. అది పాఱిపోలేదు, ఇసుకలో పొట్ట యానించి, కన్నులు మూసికొనెను. ఆ ముసలామె నా చేయి పట్టుకొని, "దాన్నెందుకు కొడతావు సామీ? తాడు నీ చేతిలోనే ఉండె గదా" అనెను.

ముప్పదియైదేండ్లు ఉపాధ్యాయత్వము చేసిన నాకు అంతకంటె చక్కని వాక్యము వ్రాయుట రాదు. కాని యప్పుడది నా చెవికెక్కలేదు. నా శిష్యుని బండి వచ్చినది. ఈ పాపిష్ఠి కుక్క నాకు వలదని చెప్పి, దాని నక్కడనే విడిచి బండి యెక్కితిని. శిష్యుడు గురువునకెదురు చెప్పలేక బండి నడపెను. సారయ్య బండి వెనుక పరుగెత్తుచు వచ్చినది. మలుపు తిరుగువఱకు కనబడినది. తరువాత కనబడలేదు.

ఇల్లు చేరగానే మా యింటియావిడ, "సారయ్య ఏడండీ?" అని యడిగెను. తీరమున తప్పిపోయినదని చెప్పితిని. అబద్ధమాడరాదని ఎన్ని వందల పలకలమీద వ్రాయించితినో నాకే తెలియదు.

ఆ మాసమున కోవెలలో రాత్రులు నేను భారతము చదివి యర్థము చెప్పుచుంటిని. అంతకుముందు రాత్రి మౌసలపర్వము ముగిసినది. ఆ రాత్రి చదువవలసినది మహాప్రస్థానికము. వంక చెప్పి మానుకొనవచ్చునుగాని, ఊరిపెద్దలప్పటికే వచ్చి కూర్చుండియుండిరి. ద్రౌపది పడిపోవుట చదివితిని. తమ్ములు పడిపోవుట చదివితిని. ఇంద్రుడు కుక్కను విడిచి రమ్మను చోటికి వచ్చునప్పటికి నా గొంతుక పెగలలేదు. "అయ్యవారూ, ఏమైనది?" అని యొక పెద్దాయన యడిగెను. నీళ్ళు త్రాగి మరల మొదలుపెట్టితిని. మరల ఆగిపోయినది. ఇక దాచలేక, పుస్తకము మూసి, జరిగినదంతయు వారి యెదుట చెప్పివేసితిని. ఎవ్వరును నన్ను నిందింపలేదు. ఆ పెద్దాయన మాత్రము, "మొదటి బస్సు అయిదింటికి ఉన్నది" అని లేచి పోయెను.

మొదటి బస్సున బయలుదేరి, రెండు బస్సులు మాఱి, ప్రొద్దు బారెడెక్కునప్పటికి ఆ పల్లె చేరితిని. ముసలామె గుడిసె ముందు కొబ్బరిచెట్టునకు సారయ్య కట్టబడియున్నది. దాని ముందొక చిప్పలో చేపముక్కలు కలిపిన అన్నమున్నది. "కట్టేసినా సామీ, మళ్ళీ గుడ్ల కాడికి పోకండా," అని యామె చెప్పెను; అంతకుమించి యొక్క మాట యనలేదు. నన్ను చూచి సారయ్య లేచి తోక యాడించెను. కాని దగ్గఱకు రాలేదు. నా చేతిలోని త్రాడు చూచి వెనుకకు జంకెను. ఆ త్రాడు క్రింద బెట్టి, నేలపై గూర్చుండి, చాలసేపు పిలిచితిని. అప్పుడు వచ్చి నా మోకాలిపై తల పెట్టెను.

శ్రోతలారా, తిరుగుదారిలో నేను ఆలోచించుకొన్నది యిది. మన భాషలో విడుచుట యను మాటకు రెండర్థములు గలవు. దిక్కులేకుండ వదలిపోవుట యొకటి. అడ్డులేకుండ వదలివేయుట యొకటి. తెల్లవాఱినప్పుడు కుక్కను రెండవ యర్థమున విడిచితిని. ప్రొద్దెక్కినపిమ్మట మొదటి యర్థమున విడిచితిని. మొదటి విడుపునకు ముప్పది ప్రాణములు పోయినవి. రెండవ విడుపునకు నన్ను నమ్మిన ప్రాణి వీధిపాలయినది. ధర్మరాజు వెంట త్రాడు లేని కుక్క నడచినదిగదా యందురేమో. అది ధర్మదేవత, దాని మనస్సు దాని వశమున నుండెను. మన కుక్క కుక్కయే. గుడ్ల వాసన తగిలినచో త్రవ్వుట దాని జాతిగుణము. ఆ గుణమును నింద చేయరాదు. దానికి తగిన చోటును తగని చోటును ఎఱిగి నడుపుట మనపని. సరమ యడిగిన ప్రశ్నకు జనమేజయుని తమ్ములవలెనే నాయొద్దను నుత్తరము లేకపోయినది.

అమెరికాదేశమున కాలిఫోర్నియా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్న నా మేనల్లునకు ఈ సంగతి చెప్పితిని. వానికిని నొక కుక్క గలదు; సెలవుదినములలో దానితో పసిఫిక్ సముద్రతీరమున నడచుట వానికలవాటు. అక్కడ తీరమున రాష్ట్రప్రభుత్వమువారి ఉద్యానవనములు పెక్కులున్నవి. వానిలో కుక్కను ఆఱడుగులకు మించని త్రాటితోనే పట్టుకొనవలెనట. చాలచోట్ల బండ్లు పోవు దారులకును, గుడారములు వేసికొను చోట్లకును కుక్కను రానిత్తురుగాని, కొండకాలిబాటలకును ఇసుకతీరమునకును రానీయరట. ఆన్యో నువో అను తీరవనమున సీలు జంతువులలో నేనుగుసీలు అను పెద్దజాతి శీతకాలమున వచ్చి పిల్లలను పెట్టును. అక్కడికి కుక్కకు ప్రవేశమే లేదు. మఱియొక చిన్నపక్షి వట్టి యిసుకమీదనే గుడ్లు పెట్టునట. కుక్క దానిని తాకనక్కఱలేదు. సమీపమున పరుగెత్తినను చాలును, తల్లి బెదరి గూడు విడిచిపోవును. అంత ధనముగల దేశమున కుక్కకింత కట్టడియా యని నేనడుగగా, కుక్కకు కాదు మామయ్యా, దాని యజమానునకని వాడు నవ్వెను.

మనకును అట్టి చోట్లు లేకపోలేదు. మన నెల్లూరు తీరమునకు దక్షిణమున దొరవారిసత్రము దగ్గఱ నేలపట్టు చెఱువు గలదు. 1976వ సంవత్సరమునుండి పక్షులకు రక్షితస్థలము. నీటినడుమనున్న కడపచెట్లపై గూడబాతులు ఆశ్వయుజకార్తికములనుండి వచ్చి గూళ్ళు కట్టి పిల్లలను చేయును. నత్తగుల్లకొంగలు, తెల్లకంకణములు మొదలగు పక్షులును వచ్చును. ఆ పక్షులను చట్టమునకు చాలముందునుండియు కాపాడినవారు అక్కడి రైతులు. పక్షుల రెట్ట కలిసిన చెఱువునీరు పొలమునకు ఎరువగునని వారెఱుగుదురు. అట్టి చోటికి పోవునప్పుడు కుక్కను ఇంటనే యుంచవలెను. అది దానిని విడుచుట కాదు.

ఇక కుక్కతో నడువదలచువారికి నాలుగు మాటలు చెప్పి ముగించెదను.

ఎండకాలమున ప్రొద్దు పొడువకముందో, ప్రొద్దు క్రుంకినపిమ్మటనో నడువుడు. మీ నీటితో పాటు దాని నీరును, పోయుటకొక చిప్పను తీసికొనుడు. సముద్రపు నీరు త్రాగనీయకుడు, కడుపు చెడి దప్పి హెచ్చును. ఇల్లు చేరినపిదప వ్రేళ్ళసందులలో పల్లేరుముండ్లును, చెవులలో పిడుదులును వెదకి తీయుడు. పొదలలోనికి ముందుగా పోనీయకుడు. పాము నెదిరించుటకు దానికి ధైర్యము గలదుగాని విరుగుడు లేదు. కుక్కతోక పట్టుకొని గోదావరి యీదజూచిన వానిని లోకము నవ్వును. కుక్కను నమ్మి త్రాడు వదలినవాడును అంతే.

అన్నిటికంటె ముఖ్యమైనది పిచ్చికుక్క వ్యాధి. మనుష్యులకు సోకు ఆ వ్యాధిలో నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు కుక్కకాటు వలననే వచ్చుచున్నది. పాశ్చర్ పండితుడు 1885వ సంవత్సరమున దీనికి టీకా కనిపెట్టి యొక బాలుని రక్షించెను. మన దక్షిణదేశమున కూనూరులో 1907వ సంవత్సరముననే పాశ్చర్ వైద్యసంస్థ నెలకొనెను. అయినను నేటికిని గాటుపై కారము, సున్నము, ఆకుపసరు పెట్టి కాలము గడపువారున్నారు. వలదు. కఱచినను గీచినను ఆ చోటును సబ్బుతోను, పాఱునీటితోను పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే యాసుపత్రికి పోయి సూదిమందు వేయించుకొనవలెను. వ్యాధి బయటపడినపిదప ప్రాణము నిలుచుట మిక్కిలి యరుదు. మీ కుక్కకు పశువైద్యశాలలో ఏటేట టీకా వేయింపుడు. ఊరికుక్కలకు సైతము వేయించుటకు పెద్దలు పూనుకొన్నచో, గ్రామమునకంతకంటె మేలు లేదు.

తుదకొక్క మాట. ముసలిదైనదనియో, జబ్బుపడినదనియో, తప్పుచేసినదనియో కుక్కను గోతాములో వేసి ఏటి యవతల విడిచివచ్చు నాచారము మన పల్లెలలో గలదు. పెంచినదానిని ఆకలిదప్పులకు పాలుచేసి విడుచుట 1960వ సంవత్సరపు జంతుహింసానివారణ చట్టమున నేరము. చట్టము తెలియకమునుపే మన తిక్కన మనకది చెప్పియుండెను. దానిని పిల్లలకు చెప్పినవాడనే విడిచివచ్చితినని మీ యెదుట నొప్పుకొనుచున్నాను.

ఏబది దినములకు పిమ్మట, ఫాల్గుణము గడచి చైత్రము ప్రవేశించినప్పుడు, నా శిష్యుడు కబురు చెప్పెను: ఆనాడు మిగిలిన గుడ్లనుండి పిల్లలు వచ్చినవి, సాయంకాలము సముద్రమున విడుతురు అని. నేనును మా యింటియావిడయు పోయితిమి. అఱచేతిలో బట్టునంతటి నల్లని పిల్లలు ఇసుకమీద ప్రాకుచు, తెరతాకుడుకు వెనుకకు దొరలి, మరల ప్రాకి, ఒక్కొక్కటిగా నీటిలో గలిసిపోయినవి. ముసలామె చేతులు జోడించి నిలుచుండెను. నేను లెక్కపెట్టబోయి మానుకొంటిని. లెక్క తక్కువయైన కారణము నాకు తెలియును.

ఆనాడు సారయ్యను ఇంటివద్దనే యుంచితిమి. రాత్రి మేము తిరిగి వచ్చునప్పటికి అది వీధిగుమ్మమున మేలుకొనియుండెను. మఱునాడు తెల్లవారుజామున మరల ఇద్దఱమును పెన్నయొడ్డునకు నడచితిమి. త్రాడొకకొన దాని మెడను, ఒకకొన నా చేతను ఉన్నది.